పిల్లల వేడుక బట్టలు: కొనడమా, కుట్టించడమా, అద్దెకా, అడిగి తెచ్చుకోవడమా? ఏది మేలు?

పిల్లల వేడుక బట్టలు చిరిగిపోవడం చాలా అరుదు. రంగు వెలవకముందే, కుట్టు విడవకముందే పొట్టి అయిపోతాయి. పెద్దవాళ్లు ఒక మంచి బట్ట కొనుక్కుంటే ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నా మళ్లీ తీసి కట్టుకోవచ్చు. పిల్లల విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. అందుకే పుట్టినరోజుకో, ఇంట్లో పెళ్లికో పిల్లల బట్టల గురించి ఆలోచించేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న "ఇది ఎంత?" అని కాదు, "ఇది మా బిడ్డ ఇంకా ఎన్నిసార్లు వేసుకుంటుంది?" అని. ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

పెరుగుదల లెక్క ఒకసారి చూద్దాం. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పొడుగవుతుంది. రెండో ఏడాది 10 నుంచి 12 సెంటీమీటర్లు. మూడేళ్లు దాటాక వేగం తగ్గి, యుక్తవయసు మొదలయ్యేవరకు ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది. యూరప్‌లో పిల్లల బట్టల సైజుల్ని ఎత్తును బట్టే పిలుస్తారు: 92, 98, 104, 110, 116. ఒక్కో సైజుకు మధ్య తేడా 6 సెంటీమీటర్లు. అంటే మూడేళ్లు దాటిన బిడ్డకు ఒక సైజు సుమారు ఒక ఏడాది వస్తుందన్నమాట. ఏడాదిన్నర పాపకైతే ఆరు నెలలు వచ్చినా గొప్పే. వయసును బట్టి మంచి దారి మారిపోవడానికి కారణం ఇదే. ఏడాది బిడ్డకు ఏది మేలో, ఏడేళ్ల బిడ్డకు అదే మేలు కానక్కర్లేదు.

మన ముందు నాలుగు దారులున్నాయి. రెడీమేడ్‌గా కొత్తది కొనడం, గుడ్డ తెచ్చి కుట్టించడం లేదా కుట్టడం, ఒక్కరోజుకు అద్దెకు తేవడం, వేరే పిల్లలు వేసుకున్నవి అడిగో తక్కువ ధరకో తెచ్చుకోవడం.

ముందు లెక్క

డబ్బు పేరు పక్కన పెట్టి, దుకాణంలో కొత్త గౌను ధర 100 అనుకుందాం. అది బాగా మెరిసే, కుచ్చులు ఎక్కువున్న గౌను అయితే పాప దాన్ని రెండుసార్లు వేసుకుంటుంది. ఒక్కసారికి పడేది 50. అదే అద్దెకు 30కి దొరికితే ఒక్కసారికి 30, అంతే. గుడ్డ, కుట్టుకూలి కలిపి 80 అయ్యి, అంచు విప్పుకుంటూ రెండేళ్లలో ఆరుసార్లు వేస్తే ఒక్కసారికి 13 చిల్లర. ఇంకొకరు వేసుకున్నది 30కి కొని, సరిచేయించడానికి ఇంకో 10 పెట్టి, మూడుసార్లు వేసినా అంతే పడుతుంది. ఆ తర్వాత దాన్ని మనమూ 15కి ఇంకొకరికి ఇచ్చేస్తే, ఒక్కసారికి 8 దాకా దిగుతుంది.

ఈ అంకెలు ఊహించినవే. మీ అంకెలు మీరు వేసుకోండి. కానీ అద్దె విషయంలో ఒక మాట ఎక్కడైనా నిజమే: అద్దె కొత్తదాని ధరలో మూడో వంతు ఉంటే, మూడోసారి తెచ్చేసరికి కొన్నంత అయిపోతుంది. వేడుకలు వరసగా వచ్చే ఏడాదిలో అద్దె లాభం కాదు. ఒకే ఒక్క పెద్ద వేడుక ఉన్న ఏడాదిలో లాభం.

కొత్తది కొనడం

దీని సుఖం దీనిదే. బిడ్డను తీసుకెళ్లి వేసి చూడొచ్చు, నచ్చకపోతే అక్కడే పెట్టేయొచ్చు, టైలర్ ఇస్తాడో లేదో అన్న టెన్షన్ ఉండదు. వేడుక వారం రోజుల్లో ఉందంటే చాలామందికి ఇదే దిక్కు.

ఇబ్బంది ఎక్కడంటే, పార్టీ బట్టలుగా అమ్మేవాటిలో ఖర్చంతా పైపై మెరుగుకే పోతుంది. లోపలివైపు తిప్పి చూడండి. కుట్టు పక్కన గుడ్డ అర సెంటీమీటరు కూడా వదలరు. దాన్ని ఓవర్‌లాక్ చేసి (అంచు పీచు లేవకుండా దారం చుట్టి) వదిలేస్తారు కాబట్టి రేపు విప్పి వదులు చేసే వీలు లేదు. కింద అంచు మడత వేలెడు కూడా ఉండదు. అంటే ఆ గౌను ఆ ఒక్క సైజుకే పుట్టింది, ఆ సైజుతోనే దాని పని అయిపోతుంది. అందుకే కొత్తది కొనాలనుకుంటే, ఫుల్ పార్టీ సెట్ కంటే విడివిడిగా వచ్చేవి కొనమని చెబుతాను. మంచి తెల్ల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, ఒక సాదా కాటన్ గౌను, దానిపైన వేసుకునే చిన్న జాకెట్. వీటిలో ప్రతి ముక్కకూ వేడుక తర్వాత కూడా బతుకు ఉంటుంది. చొక్కా బడికి వెళ్తుంది, ప్యాంటు ఇంకో పార్టీకి వెళ్తుంది. చెమ్కీలు నిండిన గౌను మాత్రం హ్యాంగర్ మీదే ఉండిపోతుంది.

రెండు సైజులు పెద్దది కొంటే రెండేళ్లు వస్తుందని కొందరు అనుకుంటారు. ఇది సగమే నిజం. పొడుగు ఎక్కువైతే మడిచి కుట్టేయొచ్చు. భుజం ఎక్కువైతే ఏమీ చేయలేం. భుజం కుట్టు చేతి మీదికి జారితే మెడ కూడా జారుతుంది, ఫొటోలో బట్టే తప్ప బిడ్డ కనపడదు. ఒక సైజు పెద్దది వరకు పర్వాలేదు. అది కూడా భుజం సరిగ్గా ఉంటేనే.

కుట్టించడం

నా ఓటు ఎక్కువగా దీనికే, ముఖ్యంగా నాలుగైదేళ్లు దాటిన పిల్లలకు. ఆ వయసులో పొడుగు పెరిగినంత వేగంగా చుట్టుకొలత పెరగదు. కాబట్టి పొడుగులో ముందుచూపు ఉంటే ఒకే గౌను రెండేళ్లు హాయిగా వస్తుంది. ఆ ముందుచూపు కుట్టించేటప్పుడు మాత్రమే పెట్టగలం, దుకాణంలో కొనేటప్పుడు కాదు.

టైలర్‌కు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. అంచు మడత 7, 8 సెంటీమీటర్లు వదలమనండి. పక్క కుట్ల దగ్గర ఒక్కో వైపు 2 నుంచి 3 సెంటీమీటర్లు లోపలికి ఉంచమనండి. గౌను లోపల లైనింగ్‌కూ ఇదే వర్తిస్తుంది, పై గుడ్డ విప్పి లైనింగ్ విప్పలేకపోతే పని సగంలో ఆగిపోతుంది. వీపు దగ్గర జిప్పుకు బదులు ఎలాస్టిక్ గానీ, కట్టుకునే నాడా గానీ పెడితే చుట్టుకొలత పెరిగినా ఇబ్బంది ఉండదు. పావడా భాగంలో అడ్డంగా రెండు మూడు టక్స్, అంటే గుడ్డను మడిచి కుట్టే సన్నటి మడతలు, వేయించడం ఇంకో మంచి పద్ధతి. చూడటానికి డిజైన్‌లా ఉంటాయి, పొడుగు కావాల్సినప్పుడు ఒక్కొక్కటి విప్పుకుంటూ పోవచ్చు. 19వ శతాబ్దపు పిల్లల గౌన్లలో ఇలాంటి టక్స్ మామూలు. అప్పట్లో గుడ్డ ఖరీదు, పిల్లలేమో ఇప్పటిలాగే పెరిగేవాళ్లు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. గుండ్రంగా తిరిగే సర్కిల్ ఘేరా (గౌనులో నడుము కింది భాగం) ముచ్చటగా ఉంటుంది. పాప గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకుంటుంది. గుడ్డ కూడా అనుకున్నంత ఎక్కువేమీ పట్టదు. ఆరేళ్ల పాపకు నడుము 54 సెంటీమీటర్లు, ఘేరా పొడుగు 45 సెంటీమీటర్లు అనుకుంటే, మధ్య రంధ్రానికి వ్యాసార్ధం 8.6 సెంటీమీటర్లు వస్తుంది. మొత్తం వృత్తం అడ్డంగా సుమారు 107 సెంటీమీటర్లు. 110 సెంటీమీటర్ల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డలో కాస్త బిగువుగా ఒక్క ముక్కగానే సరిపోతుంది. కానీ దానికి లోతైన అంచు మడత పెట్టడం కుదరదు. గుండ్రటి అంచు కిందికి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి దాన్ని లోపలికి ఎక్కువ మడిస్తే ముడతలు పడి ఉబ్బుగా కనిపిస్తుంది. సన్నటి మడతే వేయాలి. అంటే సర్కిల్ గౌను పొట్టి అయిందంటే పొడుగు చేయలేం, కింద వేరే గుడ్డ అతకాల్సిందే. నిలువు గుడ్డను నడుము దగ్గర కుచ్చులు పోసి కుట్టిన ఘేరాకు ఈ బాధ లేదు. 8 సెంటీమీటర్ల మడత వేసినా బయటికి ఏమీ తెలియదు. అంత మడత అంటే ఒక ఏడాది పైచిలుకు పెరుగుదల అందులో దాగి ఉన్నట్టే. ఒకే గుడ్డ, ఒకే టైలర్, ఒకే కూలి అయినా కత్తిరింపు ఎలా ఉందన్నదాన్ని బట్టి గౌను ఆయుష్షు రెట్టింపు అవుతుంది.

నడుము కుట్టు ఎక్కడుందన్నది కూడా చూడాలి. సరిగ్గా నడుము మీద కుట్టు ఉన్న గౌనులో, బిడ్డ ఎదిగేకొద్దీ ఆ కుట్టు పొట్ట పైకి వచ్చేస్తుంది. అంచు విప్పినా ఆ లోపం పోదు. ఛాతీ కింద కుట్టు ఉన్నదీ, నడుము కుట్టే లేకుండా పైనుంచి కిందికి వెడల్పవుతూ వచ్చేదీ ఎక్కువ కాలం వస్తాయి. రెండో ఏడాది పొట్టి గౌను కాస్తా లెగ్గింగ్ మీద టాప్‌గా మారినా అందంగానే ఉంటుంది.

ఏ గుడ్డ మీద విప్పే పని పెట్టుకోవచ్చో ముందే తెలుసుకుంటే మంచిది. కాటన్ మీద పాత సూది రంధ్రాలు ఉతికితే చాలావరకు పూడిపోతాయి. శాటిన్ మీద పూడవు, చుక్కలు చుక్కలుగా గీత కనపడుతూనే ఉంటుంది. వెల్వెట్‌కు మడత ముద్ర పడిందంటే అలాగే ఉండిపోతుంది. అలాంటి చోట గీత మీదుగా ఒక లేసు గానీ రిబ్బన్ గానీ వేసేస్తే సరి. వెల్వెట్‌తో ఇంకో ఖర్చు కూడా ఉంది. దాని నూగు ఒకే దిశలో ఉంటుంది కాబట్టి ముక్కలన్నీ అదే దిశలో కత్తిరించాలి, లేకపోతే ఒక్కో ముక్క ఒక్కో రంగులా కనిపిస్తుంది. అందుకే గుడ్డ ఎక్కువ పడుతుంది. ఇక కాటన్ ఏదైనా ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాకే కత్తెర పెట్టనివ్వండి. మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతే ఇంతసేపు చెప్పుకున్న ముందుచూపంతా వృథా.

కుట్టించడంలో నష్టం టైమే. రెండు మూడు వారాల ముందు ఇవ్వాలి, మధ్యలో ఒకసారి వేసి చూడాలి. అంత తీరిక లేని ఇంటికి ఈ దారి లాభం కాదు, తలనొప్పి.

అద్దెకు తేవడం

బరువైన ఎంబ్రాయిడరీ, సూటు, నేల మీద పాకే గౌను, నాటకంలో వేషం. ఇలా మళ్లీ వేసుకునే అవకాశమే లేనివాటికి అద్దె సరైన దారి. పెళ్లిలో పూలబుట్ట పట్టుకుని నడిచే పాపకు, పక్కన నడిచే బాబుకు ఆ రోజు ఒక పాత్ర ఉంటుంది. ఆ పాత్ర ముగిశాక ఆ బట్టలతో పని లేదు.

కానీ పిల్లలు పిల్లలే. నేల మీద కూర్చుంటారు, చేతులు తుడుచుకుంటారు, ఒంటిమీద ఏదో ఒకటి ఒలకబోసుకుంటారు. అద్దె బట్టలో బిడ్డ ఉన్నంతసేపూ అమ్మానాన్నల కళ్లు ఆ బట్ట మీదే. "కూర్చోకు, పరిగెత్తకు, ముట్టుకోకు" అంటూ ఆ సాయంత్రమంతా గడిచిపోతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు అద్దె వద్దని నేను గట్టిగా చెప్పేది డబ్బు కోసం కాదు, దీనికోసమే. తీసుకోవాల్సి వస్తే మరకకు, చిరుగుకు ఎంత డబ్బు కోస్తారో ముందే అడిగి తెలుసుకోండి. ఇచ్చేటప్పటికే ఉన్న మరకల్ని అక్కడికక్కడే ఫొటో తీసుకోండి. వేడుకలో ముఖ్యమైన ఘట్టం వరకే ఆ బట్ట వేసి, తర్వాత మార్చేయడానికి ఒక మామూలు జత సంచిలో పెట్టుకోండి.

వేరేవాళ్లు వేసుకున్నవి

నాలుగేళ్లలోపు పిల్లలకు దీన్ని మించిన దారి లేదు. ఆ వయసు వేడుక బట్టలు ఒకటి రెండుసార్లే వేసి ఉంటారు కాబట్టి పాతవి అనడానికి కూడా మనసొప్పదు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బ్రిటిష్ రాజకుటుంబం 1841లో విక్టోరియా రాణి తొలి బిడ్డ నామకరణానికి కుట్టించిన లేసు గౌనును 2004 వరకు తర్వాతి తరాల బిడ్డలకు వేస్తూ వచ్చింది. గుడ్డ మరీ సున్నితంగా అయిపోయాకే 2008 నుంచి దాని నకలు వాడటం మొదలైంది. అంత సంపద ఉన్న ఇంట్లో ఒక గౌను 160 ఏళ్లకు పైగా చేతులు మారిందంటే, మన అక్క కూతురి గౌను మన పాప వేసుకోవడానికి మొహమాటం ఎందుకు?

అడగడంలోనే ఉంది కిటుకంతా. "ఏమైనా పాత బట్టలుంటే ఇవ్వండి" అంటే ఇచ్చేవాళ్లకూ ఇబ్బంది, మనకూ ఇబ్బంది. "మీ పాప ఆ రోజు వేసుకున్న నీలం గౌను చాలా బాగుంది వదినా, ఇప్పుడు పట్టకపోతే మా పాప పుట్టినరోజుకు ఇస్తావా, ఉతికి తిరిగి ఇచ్చేస్తాను" అని అడిగితే ఎవరైనా సంతోషిస్తారు. బీరువాలో చోటు ఖాళీ కావడం వాళ్లకూ కావాలి.

తెచ్చాక చూసుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న బట్టల్లో ఎలాస్టిక్ పట్టు పోతుంది, కొత్తది వేయించాలి. వదులైన గుండీలు, పూసలు, చెమ్కీలు గట్టిగా లాగి చూడాలి. మూడేళ్లలోపు పిల్లలు ఊడినదాన్ని నేరుగా నోట్లో పెట్టుకుంటారు. మెడ దగ్గరా, టోపీ దగ్గరా లాగి కట్టే తాళ్లు ఉంటే తీసేయండి. అవి ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గర, టోపీ దగ్గర అలాంటి తాళ్లు ఉండకూడదు. పాత బట్టల్లో అవి ఇంకా కనిపిస్తుంటాయి.

కలరా ఉండల వాసన వస్తున్న బట్టను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వాటిలో చాలావరకు నాఫ్తలీన్ ఉంటుంది. జి6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. ఆ బట్టల్ని అలాగే తొడిగిన పసిబిడ్డలకు రక్తం తగ్గిపోయి, కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్యులకు బాగా తెలిసినవే. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో తెలియదు. కాబట్టి ఏడాదిలోపు బిడ్డకైతే అలాంటి బట్ట అసలు వద్దు. కాస్త పెద్ద పిల్లలకైనా బాగా ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వేయండి.

మెరుపు ఒకవైపు, ఒంటి సుఖం ఒకవైపు

పార్టీ మధ్యలో ఏడ్చే పిల్లల్లో కొంతమందికి ఆకలీ కాదు, నిద్రా కాదు, బట్ట గుచ్చుకుంటోంది. నెట్ అంచు చంకలో, చెమ్కీ మెడ దగ్గర, లేబుల్ వీపు మీద. పిల్లలు అది చెప్పలేరు, పేచీ పెడతారు. మనం పార్టీలో పేచీ పెట్టొద్దని కోప్పడతాం.

పాలియెస్టర్ తన బరువులో సుమారు 0.4 శాతం తేమనే పీల్చుకుంటుంది. కాటన్ 7, 8 శాతం దాకా పీల్చుకుంటుంది. గెంతే పిల్లల ఒంటి మీద ఆ తేడా ఏమిటో సాయంత్రానికి తెలిసిపోతుంది. శాటిన్ అనేది నేత పేరు, పీచు పేరు కాదు. కాటన్‌తోనూ శాటిన్ నేస్తారు, పట్టుతోనూ నేస్తారు, పాలియెస్టర్‌తోనూ నేస్తారు. చవగ్గా దొరికేది ఎక్కువగా పాలియెస్టర్‌దే. దాన్ని వాడినా పర్వాలేదు, లోపల మెత్తటి కాటన్ లైనింగ్ మెడ దాకా, చంక దాకా రావాలి. పూర్తి లైనింగ్ వేయించలేకపోతే లోపల ఒక కాటన్ పెట్టికోటు వేసినా చాలు. ఈ రెండింటిలో ఏదీ లేకుండా పైన ఎంత మెరుపు పెట్టినా ఆ డబ్బు దండగే.

పుట్టినరోజు పార్టీలో కొవ్వొత్తులు ఉంటాయి కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. పల్చగా, వదులుగా వేలాడే గుడ్డ ఏదైనా నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది. రెండు వైపులా గాలి ఆడటమే దానికి కారణం. కాటన్ మండుతుంది, పాలియెస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఏదీ క్షేమం కాదు. పొంగుగా ఉండే నెట్ చేతులు, నేల మీద పాకే కుచ్చులు ఉన్న గౌనుకు, ఒంటికి హత్తుకుని మోకాళ్ల దాకా ఉండే గౌనుకు మధ్య ఎంచుకోవాల్సి వస్తే, కొవ్వొత్తుల ముందు నిలబడే బిడ్డకు నేను రెండోదే వేస్తాను.

అబ్బాయిల సంగతి కొంచెం తేలిక. పూర్తి సూటు కంటే నడుము కోటు, చొక్కా, ప్యాంటు మేలు. నడుము కోటుకు చేతులు ఉండవు కాబట్టి చేతుల పొడుగు సమస్యే లేదు, వెనక పట్టీ వదులు చేస్తే రెండేళ్లు వస్తుంది. ప్యాంటుకు లోపల గుండీలతో సర్దుకునే ఎలాస్టిక్ ఉన్నది చూడండి, కింద మడత 5 సెంటీమీటర్లు ఉంచండి.

బూట్ల దగ్గర మాత్రం పొదుపు సూత్రాలన్నీ తలకిందులు. రెండేళ్లు వస్తాయని పెద్దవి కొనకూడదు, బొటనవేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు చోటుంటే చాలు. బాగా వాడిన బూట్లు ఇంకొకరి పాదానికి అలవాటు పడి ఉంటాయి, అవీ వద్దు. పార్టీ కోసం ప్రత్యేకంగా కొనడం కంటే, రోజూ వేసుకునేందుకు ఎలాగూ కొనాల్సిన జతను ముదురు రంగులో, సాదాగా తీసుకుంటే రెండు పనులూ అవుతాయి.

పార్టీ: ఇంట్లోనా, హాల్లోనా?

హాలు తీసుకుంటే శుభ్రం చేసే పని తప్పుతుంది, ఇల్లు సర్దే పని తప్పుతుంది. కానీ హాలు పెద్దది కాబట్టి దాన్ని నింపడానికి మనుషులు కావాలి, మనుషులు పెరిగితే మిగతా ప్రతి ఖర్చూ పెరుగుతుంది. అసలు ఖర్చు అద్దె కాదు, అద్దె వెనకాల వచ్చేది. ఇల్లు చిన్నదైతే అతిథుల సంఖ్య దానంతటదే అదుపులో ఉంటుంది. బిడ్డ వయసు ఎంతో అంతమంది పిల్లల్నే పిలవాలని చాలామంది తల్లిదండ్రులు పాటించే పద్ధతి ఒకటుంది. చిన్నపిల్లలకు అది నిజంగా సరిపోతుంది. మూడేళ్ల బిడ్డకు ఇరవై మంది పిల్లలు, గోల, మైకు అంటే భయమే తప్ప సంబరం కాదు. పార్టీ కూడా గంటన్నర, రెండు గంటలు చాలు. ఎనిమిదేళ్లు దాటి, పది పదిహేను మంది స్నేహితులు కావాల్సిందే అని బిడ్డే అడిగితే అప్పుడు పార్కు చూడండి. చోటు ఉంటుంది, అద్దె ఉండదు లేదా నామమాత్రంగా ఉంటుంది. వాన వస్తే ఏం చేస్తామన్నది మాత్రం ముందే అనుకోవాలి.

అలంకరణలో అందరి చూపూ బెలూన్ల మీదే. హీలియం నింపిన మామూలు రబ్బరు బెలూన్ సగం రోజు నుంచి ఒక రోజు తేలుతుంది, అంతే. నోటితోనో పంపుతోనో గాలి నింపినవి గోడకు కట్టుకోవచ్చు, చాలా చవక, రోజుల తరబడి ఉంటాయి. ఫొటోలో ఈ తేడా పెద్దగా తెలియదు కూడా. అయితే ఏ బెలూన్ అయినా పగిలిన ముక్క చిన్నపిల్లల గొంతులో అడ్డుపడితే చాలా ప్రమాదం. అమెరికాలో రబ్బరు బెలూన్ల ప్యాకెట్ మీద ఎనిమిదేళ్లలోపు పిల్లల కోసం ఈ హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి. పాకే బిడ్డలున్న ఇంట్లో అయితే నేను కాగితం జెండాలు, గుడ్డ తోరణాల వైపే మొగ్గుతాను. గౌను కుట్టించగా మిగిలిన ముక్కలతో త్రికోణాలు కత్తిరించి నాడాకు కుట్టేస్తే తోరణం, గౌను ఒకే రంగులో కలిసిపోతాయి. దాన్ని మడిచి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది. స్టైల్ అని మనం అనుకునేది చాలావరకు ఇదే, రెండు మూడు రంగులు ఎంచుకుని వాటికే కట్టుబడి ఉండటం. ఇరవై రకాల వస్తువులు పెట్టిన గోడ కంటే ఒకే రంగు వస్తువులు ఐదు పెట్టిన గోడ బాగుంటుంది.

చివరగా, పిలుపులో "అందరూ ఫలానా వేషంలో రావాలి" అని రాయాలా వద్దా? రాస్తే ఫొటోలు బాగుంటాయి, నిజమే. కానీ మన ఇంట్లో మిగిల్చిన డబ్బును పదిళ్లవాళ్ల చేత ఖర్చు పెట్టిస్తున్నట్టు అవుతుంది. వేషం కొనలేక ఏదో సాకు చెప్పి రాకుండా ఉండిపోయే పిల్లలు ఉంటారు. ఎందుకు రాలేదో మనకు ఎప్పటికీ తెలియదు. వేషం కంటే రంగు చెప్పడం నయం, అదీ "నీలం ఏదైనా ఉంటే వేసుకుని రండి" అన్నంత తేలిగ్గా. అంతకంటే మంచిది, పిలుపులో ఏమీ రాయకుండా మన దగ్గరే అట్టతో కిరీటాలో, మిగిలిన గుడ్డతో భుజాల మీద వేసుకునే చిన్న కేపులో చేసి గుమ్మం దగ్గర పెట్టడం. కేపు మెడకు తాడు కట్టకండి, లాగితే ఊడిపోయే వెల్క్రో పెట్టండి. వచ్చిన ప్రతి బిడ్డా తనకు నచ్చినది తీసుకుని లోపలికి వస్తుంది, ఎవరింట్లోనూ అదనంగా ఖర్చు కాదు.